కంఠస్థం మీద కోపం ఎందుకు?

బడి మాన్పించి పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న తల్లిదండ్రులకు బట్టీ అంటే ఒళ్లుమంట. ఆ కోపం న్యాయమైనదే గానీ, చరిత్ర దగ్గర కాస్త సడలించుకోవాలి. రుద్రమదేవి కథ ఎంత బాగా చెప్పినా, ఆమె 1262 నుంచి 1289 దాకా ఏలిందన్నది నోటికి రాకపోతే ఆ పిల్ల బుర్రలో రుద్రమ, 1509లో గద్దెనెక్కిన కృష్ణదేవరాయలు పక్క పక్క వీధుల్లోనే కాపురముంటారు. ప్రభవ, విభవ అంటూ అరవై సంవత్సరాల పేర్లు అప్పజెప్పించడం మన ఇళ్లలో ఉన్నదే, అదేం దండగ కాదు. రుద్రమ మరణాన్ని చెప్పే నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నాటిది, విరోధి సంవత్సరం. 2009 ఉగాదికి వచ్చిందీ విరోధే. మధ్యలో 720 ఏళ్లు, సరిగ్గా పన్నెండు అరవైలు. పేర్లు వచ్చిన పిల్లకి ఈ లెక్క ఆటలా ఉంటుంది. అయితే కథ ముందు, తేదీ తర్వాత. వరస తిరగబడిందా, అది మళ్లీ బడే (ఆ మాటకొస్తే ట్యూషనే). పాఠం మొదలుపెట్టే ముందు పాత తేదీలు ఓ ఐదు నిమిషాలు అప్పజెప్పించుకోండి, ఏడాదికి ఇరవై వస్తే చాలు. మార్కులు మాత్రం వేయకండి.