చక్రాల ఇల్లూ, పూచీ కాగితమూ

మా తాతకు ఒక గూడుబండి వుండేదట. నేను చూడలేదు. చంద్రగిరిలో మా పాత ఇంటి వసారాలో దాని ఇరుసు మాత్రం చాలాకాలం పడివుండేది. దానిమీద కూచునే నేను ఎక్కాలు వల్లించాను. బండికి కొత్త హంగు ఏది కావలసినా తాత వడ్రంగిని పిలిచి చెప్పేవాడు. లాంతరుకు కొక్కెం కొట్టించినా, గూటికి కొత్త చాప కట్టించినా, "నా బండిలో ఇంకొకడు చెయ్యి పెట్టాడు గనుక ఇకమీదట ఇరుసు విరిగితే నాకు సంబంధం లేదు" అని ఆ వడ్రంగి ఏనాడూ అనలేదు. బండి చేసినవాడూ ఆయనే, బాగుచేసేవాడూ ఆయనే.

ఈ పాత సంగతి ఎందుకు ఎత్తానంటే, అమెరికాలో టెక్సాస్‌లో వుంటున్న మా మేనల్లుడు కిందటేడు ఒక గూడుబండి కొన్నాడు. ఎద్దులకు బదులు పికప్ ట్రక్కు లాగుతుంది. లోపల పడకలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది, అన్నీ వున్నాయి. దాన్ని అక్కడ ఫిఫ్త్ వీల్ అంటారు, అంటే ఐదో చక్రం. ఫొటోలో ఎన్నిసార్లు లెక్కపెట్టినా నాకు నాలుగే కనిపించాయి. ఐదోది ఏదిరా అని అడిగితే నవ్వాడు. పూర్వం గుర్రబ్బండ్ల ముందు ఇరుసు పక్కకు తిరగడానికి ఒక చక్రాన్ని పడుకోబెట్టి బిగించేవారు. ఆ పేరే ఇప్పుడు ట్రక్కు తొట్టిలో బిగించే ఇనుప పళ్లెంలాంటి కొక్కేనికి వచ్చింది. ఇంటి ముందుభాగంలో వేలాడే లావుపాటి చీల ఆ పళ్లెంలో దిగి కూచుంటుంది. మన హైవేమీద పోయే పెద్ద ట్రైలరు లారీలకు వున్నది కూడా ఇదే.

బండి బాగానే వుంది. చిక్కల్లా మా అక్కతో వచ్చింది. అక్కకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. రాత్రంతా ముక్కుకు గొట్టం తగిలించుకుని చిన్న యంత్రం పెట్టుకుంటే తప్ప పడుకోరాదని డాక్టరు చెప్పాడు. మొన్న వేసవిలో ఆమెను కొలరాడో కొండలకు తీసుకుపోవాలని కొడుకు ఆశ. ముప్ఫయ్యేళ్లు పొయ్యి దగ్గరనుంచి కదలని మనిషి, ఇప్పుడైనా నాలుగు చోట్లు చూడవద్దా? కాని ఆ అడవి మజిలీల్లో చాలాచోట్ల కరెంటు వుండదు. జనరేటరు వేద్దామంటే రాత్రి వేళ చప్పుడు చేయనివ్వరు. బండితో వచ్చిన మామూలు బ్యాటరీ దీపాలకే అంతంతమాత్రం.

"పెద్ద లిథియం బ్యాటరీ వేసి, కప్పుమీద సోలారు పలకలు బిగిస్తాను మామా. కాని తీగ ముట్టుకుంటే వారంటీ పోతాదంటాండారు. ఏం చేసేది?" అని ఫోను చేశాడు.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి తీగల సంగతి అడగడమేమిటని మీకు అనిపించవచ్చు. ఒకసారి చెయ్యి కాల్చుకున్నవాణ్ణని వాడికి తెలుసు. చలికాలంలో భాకరాపేట కనుమలో మంచు పట్టి దారి కనబడటం లేదని నా కొత్త కారుకు ఒక అంగట్లో అదనపు దీపాలు పెట్టించాను. ఆ కుర్రవాడు కంపెనీ తీగ కోసి, తన తీగ మెలిపెట్టి, టేపు చుట్టి పంపించాడు. నాలుగు నెలలకు దీపాల స్విచ్చి కాలింది. అదే వారంలో వెనక తలుపు అద్దం దిగడం మానేసింది. సర్వీసువారు బానెట్ ఎత్తి, టేపు చూసి, "బయట చేయించారు, కరెంటు పనులకు ఇక వారంటీ లేదు" అనేశారు.

స్విచ్చి సంగతి నేను ఒప్పుకున్నాను. తలుపు అద్దానికీ ముందు దీపాలకూ ఏమిటి చుట్టరికం? అప్పుడు చదివి తెలుసుకున్నాను: 2014లో మన కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్లకు పైగా జరిమానా వేస్తూ, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనడం కుదరదనీ, ఆ బయటి పనివల్ల జరిగిన నష్టం మేరకే కాదనవచ్చుననీ ఆదేశించింది. దానిమీద కంపెనీలు అప్పీళ్లకు పోయాయి, అది వేరే కథ. నేను ఆ మాటే మర్యాదగా రాసి ఇచ్చాను. తలుపు విప్పి చూశారు. మోటారుదే లోపమని తేలి ఉచితంగా మార్చారు. స్విచ్చి డబ్బు నాదే.

అమెరికాలో ఇందుకు 1975 నుంచే మాగ్నసన్-మాస్ అనే చట్టం వుంది. మా కంపెనీ సామాను తప్ప ఇంకొకటి తగిలిస్తే పూచీ పోతుందని షరతు పెట్టరాదని దాని సారం. ఇది విని మేనల్లుడి స్నేహితుడొకడు, "ఇంకేం, డ్రిల్లు తీసుకో" అన్నాడట. నేను వద్దన్నాను. నువ్వు పెట్టిన సామానువల్లనే చెడిందని తేలితే ఆ చట్టం కూడా ఆదుకోదు. కప్పుకు రంధ్రం చేసినవాడు రేపు ఆ రంధ్రం పక్కనే నీరు కారితే ఎవరిని అడుగుతాడు? అలాంటి బండ్లకు నీరే మొదటి శత్రువు.

"ముందు కాగితం చదువు" అన్నాను. నలభై పేజీలు. మేమిద్దరం రెండు ఆదివారాలు ఫోనులో కూచుని వ్యాఖ్యానంతో సహా చదివాము. ప్రబంధం కంటే కష్టమే! తేలిందేమంటే అది ఒక పూచీ కాదు, అయిదారు. ఇంటి కట్టడానికి ఒకరు, ఫ్రిజ్‌కు ఒకరు, టైర్లకు మరొకరు. కప్పు అతుకుల బంక ఎప్పటికప్పుడు చూసుకోకపోతే పూచీ లేదని ఒక మూల వుంది. చట్రానికి రంధ్రం చేసినా, వెల్డింగు పెట్టినా లేదని మరొక మూల. దానితో పిల్లల సైకిళ్లకు వెనక కొక్కెం పెట్టాలన్న ఆలోచన వాడు మానుకున్నాడు. పిల్లలు రెండు రోజులు అలిగారు.

అదే కాగితంలో వరంకూడా దొరికింది. బండి పక్కన సోలారు కోసం కంపెనీయే ఒక ప్లగ్గు అమర్చి, లోపలికి తీగ వేసి వుంచింది! ఇక కప్పు ఎక్కే పని లేదు. మడత పలకలు కొని, ఎండలో నేలమీద పరిచి, ఆ ప్లగ్గుకు తగిలిస్తే చాలు. బ్యాటరీ లెక్క ఇద్దరం వేశాము. వంద ఆంపియర్-గంటల లిథియం బ్యాటరీలో సుమారు 1,280 వాట్-గంటలు వుంటాయి. అక్క యంత్రం, ఆవిరి పట్టే వేడి ఆపేస్తే, గంటకు నలభై వాట్లనుకున్నా ఎనిమిది గంటలకు 320. అయినా రెండు బ్యాటరీలు వేయమన్నాను. తల్లి ఊపిరి దగ్గర పొదుపేమిటి?

పాత ఛార్జరు లిథియానికి చాలినంత వోల్టేజి ఇవ్వదు గనుక దాన్ని మార్చాలి. ఆ పని తానే చేస్తానన్నాడు ఇంజనీరు గారు. ఇక్కడ మాత్రం మామ హోదాలో గట్టిగా కసిరాను. చివరకు కంపెనీకి ముందుగా ఉత్తరం రాసి, ఫలానా ఛార్జరు ఫలానా చోట పెట్టవచ్చునా అని అడిగి, సరేనన్న జవాబు దాచుకుని, డీలరు చేతనే పెట్టించాడు. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు. ఊడదీసిన పాత ఛార్జరు అట్టపెట్టెలో అటకమీద వుంది. బరువుకూడా తూచుకోమన్నాను; ఇటువంటి బండ్ల బరువులో 15 నుంచి 25 వంతుల దాకా ట్రక్కుమీదే పడుతుంది, ముందు అరలో పెట్టిన ప్రతి వస్తువూ ఆ చీలమీదికే పోతుంది.

మన దేశంలో ఈ సాహసాలకు ఇంకొక కట్టు వుంది సుమా. వారంటీ మాట అటుంచి, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు లక్షణాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. వ్యాన్లను ఇళ్లుగా మార్చుకుందామని ముచ్చటపడే మా స్టాఫ్‌రూము మిత్రులకు ఈ మాట చెబితే నన్ను అపశకునం పక్షిలా చూశారు.

అక్క కొలరాడోనుంచి ఫోను చేసింది. అక్కడ జూన్‌లోకూడా కొండలమీద మంచు వుందట.

"నిద్ర పట్టిందా అక్కా?"

"నాకేం రా, బాగా నిద్రపోయినా. వాడే రాత్రి మూడుసార్లు లేచి బ్యాటరీలో అంకె చూసుకుంటా కూచున్నాడు. తెల్లారి చూస్తే ఇంకా అరవై వంతులుండాది. ఒరే, చింతపండు డబ్బా ముందు అరలో పెట్టినానని వాడు తీసి వెనక పెట్టినాడు, బరువంట. ఏం రా, అది నువ్వు చెప్పినదేనా?"