మహమ్మారి టీకాల పరీక్ష

2025 ఫిబ్రవరిలో గోదావరి మండలములలో కోళ్లు గుంపులు గుంపులుగా చచ్చిపడగా, ఆ చావునకు హెచ్5ఎన్1 అను పక్షిజ్వరము కారణమని తేలినది. మరుసటి మాసముననే పల్నాడు జిల్లాకు చెందిన రెండేండ్ల పసిబిడ్డ అదే జ్వరమునకు బలియైనది. అంతకు ముందు సంవత్సరము అమెరికాలో ఆ వైరసు పాడిపశువులకు సోకి, పాలుపిదుకు కూలీలకును అంటినది. ఈ సంఘటనలలో ఎచ్చటను అది మనుష్యుని నుండి మనుష్యునకు ప్రాకి ప్రబలినట్లు కానరాలేదు. అట్టి దినము వచ్చునో రాదో చెప్పగల జ్యోతిష్కుడు లేడు. వచ్చినచో టీకా కావలెను. ఆ టీకాను ముందుగా ఆరోగ్యవంతులైన వయోజనులపై పరీక్షింపవలెను. ఆ పరీక్ష ఏమి చెప్పగలదు, ఏమి చెప్పజాలదు అను విషయమును మన ప్రజలు భయము లేని ఈ దినములలోనే తెలిసికొనుట మంచిదని మా అభిప్రాయము. జ్వరము వీధిలో ప్రవేశించిన పిమ్మట విచారణకు ఎవరికిని తీరిక యుండదు.

పరీక్షాపద్ధతి తెలియరానిది కాదు. కొన్ని వందలమంది వయోజనులను వారి సమ్మతితో చేర్చుకొందురు. కొందరికి తక్కువ మోతాదు, కొందరికి ఎక్కువ మోతాదు, పెక్కు పరీక్షలలో మరికొందరికి మందులేని సూది ఇత్తురు. ఎవరికేది ఇచ్చిరో తెలియనీయరు. సూదికి ముందొకసారి, 21 దినములకు మరల నొకసారి నెత్తురు తీయుదురు. ఆ నెత్తుటి సీరమును అంతకంతకు పలుచన చేయుచుబోయి, వైరసు ఎఱ్ఱకణములను ముద్దగట్టింపకుండ అది ఎంతవరకు అడ్డుకొనగలదో చూతురు. నలుబదింతలు పలుచనయైన పిదపను అడ్డుకొన్నచో ఆ మనుష్యునకు రక్షణ కలిగినదని లెక్క.

ఈ నలుబది ఎక్కడిది? 1972లో ఇంగ్లండులో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన పెద్దవారికి ఇన్‌ఫ్లూయెంజా వైరసును బుద్ధిపూర్వకముగా అంటించి చూచిరి. రమారమి ఈ మట్టమున సగముమందికి రక్షణ కలిగినది. సగముమందికే! అర్ధశతాబ్దికి పూర్వము, మామూలు జ్వరముపై ఏర్పడిన ఆ కొలకఱ్ఱతోనే క్రొత్త మహమ్మారుల టీకాలను కూడ కొలుచుచు వచ్చిరి. అంతకంటె మెరుగైనదియు, అందరంగీకరించినదియునగు కొలత దొరకలేదు గనుక కొలిచిరి. మహమ్మారి రాకమునుపు టీకా జ్వరమును నిజముగా ఆపునో లేదో చూచుటకు వేరు మార్గము లేదు. దీనిని మేము తప్పుపట్టుటలేదు. కాని ‘నూటికి తొంబదిమందికి రక్షణ’ అని పెద్దయక్షరములతో ప్రకటించునప్పుడు, అది నెత్తుటి కొలతయేగాని ప్రాణము దక్కినవారి లెక్క కాదని చెప్పవలసిన బాధ్యత ప్రకటించువారిది. మా బోటి పత్రికలదియును.

అట్లని ఈ పరీక్షలు వ్యర్థములు కావు. ఏటేటి ఫ్లూటీకాలో ఒక్కొక్క వైరసునకు 15 మైక్రోగ్రాముల ద్రవ్యము సామాన్యముగా చాలును. 2006లో ప్రకటింపబడిన అమెరికా పరీక్షలో 451 మంది వయోజనులు పాల్గొనగా, పక్షిజ్వరపు టీకాను 90 మైక్రోగ్రాముల చొప్పున రెండుమారులు ఇచ్చినను సగమునకు కొంచెము మించినవారికే ఆ మట్టము అందినది. ఈ లెక్కన లోకమునందలి కర్మాగారములన్నియు కలిసి పనిచేసినను కొలదిజనమునకే మందు దక్కును. మరుసటి సంవత్సరము ప్రకటింపబడిన, బెల్జియములో 400 మందిపై జరిగిన పరీక్షలో నూనెతో కూడిన సహాయకద్రవ్యమును చేర్చి చూడగా, నాలుగు మైక్రోగ్రాములకు లోపుననే సంతృప్తికరమైన ఫలితము కలిగినది. ఒకరికిచ్చు ద్రవ్యము ఇరువదిమందికి పైగా సరిపోవుచున్నది! కోట్లజనము గల మన వంటి దేశమునకు ఇది సామాన్యవార్త కాదు. 2009లో ఆస్ట్రేలియాలో 240 మంది వయోజనులపై జరిగిన పరీక్షవలన ఆనాటి హెచ్1ఎన్1 జ్వరమునకు పెద్దవారికి రెండు సూదులు అక్కరలేదు, 15 మైక్రోగ్రాముల సూది ఒక్కటి చాలునని తేలినది. ఆ మోతాదు పొందిన 120 మందిలో ఇంచుమించు అందరికి మూడు వారములలోనే నలుబది మట్టము అందినది.

అయినను ఆ మందు మనకెప్పుడు అందినది? మన దేశమున ఆ జ్వరపు తొలి రోగి 2009 మే మాసములో హైదరాబాదుననే బయటపడెను. దేశీయమైన టీకా 2010 జూన్‌లో గాని వెలువడలేదు; హైదరాబాదులో తయారైన టీకా అక్టోబరులో వచ్చినది. మహమ్మారి ముగిసినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆగస్టు 10వ తేదీననే చాటియుండెను. ధనికదేశములు ముందుగనే ఒప్పందములు వ్రాసికొని మందును పంచుకొన్నవి. వారిని నిందించి ప్రయోజనము లేదు. వారి దేశముననే పరిస్థితి ఎట్లున్నదో చూడుడు: 2025 మేలో అమెరికాలోని ఒక సంస్థ తన క్రొత్తరకపు పక్షిజ్వర టీకాను దాదాపు 300 మంది వయోజనులపై పరీక్షించి, నూటికి 97.9 మందికి ఆ మట్టము అందినదని ప్రకటించెను. తదుపరి పరీక్షలకు ద్రవ్యమిచ్చెదనన్న ప్రభుత్వము ఆ ఒప్పందమును రద్దుచేసిన సంగతియు అదే ప్రకటనలో వెల్లడియైనది. పరుల ఖజానాను, పరుల రాజకీయమును నమ్ముకొని మనము కూర్చుండరాదు.

ఇక క్షేమమును గురించిన విషయము. ఇదియే మాకు ముఖ్యము. 1976 ఆరంభమున అమెరికాలోని ఒక సైనికశిబిరమున పందిజ్వరము పొడసూపగా, ఆ ప్రభుత్వము దేశమునకంతటికి టీకా వేయింప నిశ్చయించెను. వేలమందిపై పరీక్షలు జరిగినవి. చేతివాపు, జ్వరము, తలనొప్పి మినహా పెద్దహాని కనబడలేదు. అక్టోబరు నుండి నాలుగుకోట్లమందికి పైగా సూది వేసిరి. డిసెంబరు 16న ఆ కార్యక్రమమును నిలిపివేసిరి. గియాన్‌బారే అను నరములవ్యాధి, కాళ్లు చేతులు చచ్చుబడునది, టీకా పొందినవారిలో లక్షకు ఒకరికి చొప్పున అదనముగా కలిగినదని లెక్క తేలినది. మహమ్మారి మాత్రము రానేలేదు. పరీక్షించినవారు అసత్యము చెప్పలేదు. లక్షకొకరికి కలుగు హాని అయిదువేలమందిలో కానవచ్చుటకు ఇరువదింట ఒక్కపాలు అవకాశమున్నది. మూడువేలమందిలో ఒక్కరికిని హాని కలుగకున్నను, వేయింటికొకరికి కలుగు హాని సైతము అందు దాగియుండవచ్చును. ఇది గణితము, దీనికి ఏ దేశపు వైద్యుడును అతీతుడు కాడు.

2009లో ఐరోపాలో వాడిన టీకాలలో ఒకదానివలన ఇట్టి అనుభవమే కలిగెను. వయోజనులపై చక్కని ఫలితమిచ్చిన ఆ టీకా పొందిన పిల్లలలోను, యువకులలోను కొందరు పగటిపూట ఆపుకొనలేని నిద్రలో పడిపోవు నార్కొలెప్సీ వ్యాధికి గురియైరని 2010 ఆగస్టులో స్వీడను, ఫిన్లండు దేశములనుండి వార్త వచ్చెను. ఫిన్లండులో టీకా పొందిన ఆ వయస్సువారిలో ఇంచుమించు పదునారువేలకు ఒకరు. సహాయకద్రవ్యమే కారణమని త్రోసివేయుటకు వీలులేదు. కెనడాలో అదే ద్రవ్యమును వాడినను అంతటి వృద్ధి కనబడలేదు. మేము గమనింపగోరునది వేరొకటి. ఆ హాని అచ్చటనే ఎట్లు బయటపడినది? ఎవరికి ఏ దినమున ఏ టీకా పడినదో, తరువాత ఎవరు ఏ ఆసుపత్రికి వచ్చిరో ఆ దేశములు లెక్క వ్రాసియుంచినవి. మన పల్లెలో ఆ పిల్లవాడు బడిలో నిద్రపోయిన, బద్ధకస్తుడని పంతులుగారు బెంచీ ఎక్కించియుందురు. అంతటితో సరి.

లెక్క వ్రాయుట టీకాకు శత్రువు కాదు. 2009లో అమెరికాలో వాడిన టీకాలకును గియాన్‌బారేకును గల సంబంధమును జాగ్రత్తగా వెదకగా, పదిలక్షలకు ఒకరిద్దరికి మించలేదని తేలి జనులకు ధైర్యము కలిగినది. టీకాలన్నియు మోసమని ప్రచారము చేయువారితో మాకు ఏకీభావము లేదు. 1918 జ్వరమున ఒక్క మన దేశముననే కోటికి మించిన జనము మడిసిరి. ఆనాడు సూది ఒకటి యుండినచో మన తాతలు కాదనియుందురా?

సమ్మతిని గురించి ఆంధ్రదేశమునకు స్వానుభవము కలదు. 2009-10లో ఖమ్మము జిల్లాలో బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరు టీకా వేసినప్పుడు, తల్లిదండ్రులు చేయవలసిన సంతకములను పెక్కుచోట్ల వసతిగృహాధికారులు చేసిరని 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తీవ్రముగా ఆక్షేపించెను. అది ఫ్లూటీకా కాదు, పాల్గొన్నవారు వయోజనులును కారు. కాని అక్షరము రాని వయోజన కూలీచేత వ్రేలిముద్ర వేయించుట అంతకంటె కష్టమైన పని కాదు గదా! 2019 నియమములు పరీక్షలో పాల్గొని హాని పొందినవారికి వైద్యమును, పరిహారమును విధించినవి, ఇది మంచిపని. పరీక్ష దాటివచ్చిన టీకాను ప్రభుత్వము చెప్పగా వేయించుకొని హాని పొందినవాని గతి యేమి? కోవిడు టీకాల విషయమున, అట్టివారు సివిలు కోర్టుల నాశ్రయింపవచ్చునని 2022 నవంబరులో కేంద్రప్రభుత్వము సుప్రీంకోర్టునకు విన్నవించుకొనెను. నాలుగుకోట్లమందిలో నాలుగువందలమందికి కీడు కలుగునని ముందే తెలిసియుండి, ఆ నాలుగువందలమందిని వకీళ్ల గుమ్మములకు పంపుట న్యాయమా? వారు తమకొరకే గాక ఇరుగుపొరుగువారి కొరకును చేయి చాచినవారు.

కనుక తదుపరి మహమ్మారి టీకాకు మన దేశమున పరీక్ష ఆరంభమగు దినముననే, దాని విధానము తెలుగులో అచ్చువేసి గ్రామ ఆరోగ్యకేంద్రములలో అతికింపవలెను. ఫలితములు మంచివైనను చెడ్డవైనను అంకెలతో వెల్లడింపవలెను. టీకా పొందిన ప్రతివానిని గమనించు పద్దును, హాని పొందినవానికి వ్యాజ్యము లేని పరిహారమును చట్టముచే ముందుగనే ఏర్పరుపవలెను. గోదావరి మండలముల ప్రతినిధులు శాసనసభలో కోళ్ల నష్టమునకు పరిహారమెంతయని అడిగిన అది న్యాయమే. మనుష్యులను గురించి కూడ ఈ ప్రశ్న వేయువారెవరైన ఉందురా యని మేము చూచుచున్నాము.