హవాయి నుంచి మళ్లీ మనీలాకి

గల్ఫ్‌లో ఉండే మనకు ఫిలిప్పీన్స్ వాళ్లు కొత్త కాదు. ఆసుపత్రి నర్సులు, సూపర్‌మార్కెట్ క్యాషియర్లు, పక్క ఫ్లాట్ పొరుగువాళ్లు... రోజూ చూసే ముఖాలే. వాళ్ల అధ్యక్షుడి కథ మాత్రం మనలో చాలామందికి తెలియదు.

1986 ఫిబ్రవరి 25న, లక్షల మంది మనీలా వీధుల్లో నిలబడి ఉండగా, ఇరవై ఏళ్లు ఏలిన ఫెర్డినాండ్ మార్కోస్ కుటుంబంతో సహా అమెరికా సాయంతో హవాయికి పారిపోయాడు. వెంట ఇరవై ఎనిమిదేళ్ల కొడుకు బాంగ్‌బాంగ్. ఆ పాలనలో 3,200 మందికి పైగా హతమయ్యారని, దాదాపు 70,000 మంది జైలుపాలయ్యారని ఆమ్నెస్టీ లెక్క. తండ్రి 1989లో హొనొలులులోనే పోయాడు. ఇక ఆ ఇంటిపేరు వినబడదనే ఎవరైనా అనుకుంటారు.

కానీ 1991లో తిరిగొచ్చారు. మరుసటి ఏడాదే కొడుకు ప్రతినిధుల సభకు గెలిచాడు. 1995లో ఆదాయపు పన్ను రిటర్నులు వేయలేదని కోర్టు దోషిగా తేల్చింది. పై కోర్టు జైలు తీసేసి జరిమానాతో సరిపెట్టింది. సొంత రాష్ట్రం ఇలోకోస్ నార్టేకి గవర్నరయ్యాడు, తర్వాత సెనేటర్. 2016లో ఉపాధ్యక్ష పదవికి లెనీ రోబ్రెడో చేతిలో 2.6 లక్షల ఓట్లతో ఓడాడు. 2022లో అదే లెనీపై 3.1 కోట్ల ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. ఆమెకు వచ్చినవి అందులో సగం కూడా లేవు.

బీఎస్సీ చదివిన బుద్ధి, అంకెలు చూస్తే కారణం వెతకబుద్ధవుతుంది. ఒకటి, సొంత జిల్లా ఎన్నడూ చేయి వదల్లేదు. ఇంకోటి, ఆ దేశ జనాభాలో దాదాపు సగం పాతికేళ్ల లోపు వాళ్లు. "పెద్ద మార్కోస్ గుండె ఆసుపత్రి కట్టించాడు కదా" అంది మా ఫిలిప్పినో పొరుగావిడ. నిజమే, కట్టించారు. ఆయన దిగేనాటికి విదేశీ అప్పు 2,500 కోట్ల డాలర్లు దాటిందన్నది ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె పుట్టింది తొంభైల్లో. మన పిల్లలకు ఎమర్జెన్సీ గురించి అడిగి చూడండి, అంతే!

దోచిన సొమ్ము వెనక్కి తేవడానికి 1986లో పెట్టిన కమిషన్ ఇప్పుడు ఆయన ప్రభుత్వం కిందే ఉంది. నాకు ఇదే మింగుడుపడదు. 2013 చట్టం కింద, స్విస్ బ్యాంకుల నుంచి తెచ్చిన డబ్బుతో 11,103 మంది బాధితులకు పరిహారం అందింది. ఆ బాధితుల్లో చాలామంది కొడుకు ప్రమాణ స్వీకారాన్ని టీవీలో చూశారు.

తోడుగా గెలిచిన సారా డుటెర్టేతో స్నేహం ఎప్పుడో చెడింది. ఆమె తండ్రిని 2025 మార్చిలో హేగ్‌కి పంపించారు. మార్కోస్ పదవీకాలం 2028తో సరి, రెండోసారి పోటీకి రాజ్యాంగం ఒప్పుకోదు. ఆయన పెద్దకొడుకు శాండ్రో మాత్రం 2022 నుంచే ప్రతినిధుల సభలో ఉన్నాడు, అదే ఇలోకోస్ నార్టే నుంచి.