పసిబిడ్డకు లంఖణం వద్దు

వానలు పడితే తామ్వేలో మా ఇళ్లల్లో పసిపిల్లలకు విరేచనాలు మొదలు. ఊరికి ఫోన్ చేస్తే పెద్దలు "లంఖణం పరమౌషధం" అంటారు. పిల్లల విషయంలో ఈ మాట వినొద్దు. ఎండలో పనిచేసే మనకు ఒంట్లో నీరు తగ్గితే ఎలా ఉంటుందో తెలుసు కదా! పసివాళ్లకు అది ఇంకా త్వరగా ప్రాణం మీదికొస్తుంది.

1971లో బెంగాల్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి ఎందరినో కలరా నుంచి కాపాడారు. నేటి ఓఆర్ఎస్ అదే దారి. ప్యాకెట్టుపై చెప్పినన్ని కాచి చల్లార్చిన నీళ్లలోనే కలపాలి. తల్లిపాలు ఆపకూడదు. ఆరు నెలలు దాటితే మెత్తటి పెసరపప్పు అన్నం, పెరుగన్నం, అరటిపండు కొంచెం కొంచెంగా పెట్టాలి. కూల్‌డ్రింకులు వద్దు. డాక్టరు జింకు రాస్తే విరేచనాలు ఆగినా 10-14 రోజులు వాడాలి.

రక్తం పడినా, బిడ్డ తాగలేకపోయినా, మగతగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్దాం. ఆ పూట కూలి పోతే పోనీ.