రాళ్ల మీద అబద్ధసాక్ష్యం వద్దు

పల్నాడులో పుట్టిపెరిగిన వారికి నాపరాయిని పరిచయం చేయనక్కర్లేదు. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతాల క్వారీల్లో ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న పలకలను చూసినప్పుడు, 'నోవహు నాటి జలప్రళయానికి రుజువు ఇదే' అని చెప్పాలన్న ఆశ బోధకులకు కలగడం సహజం. వాక్యం మీది ప్రేమతోనే అలా అంటాం. కానీ అది నిజమేనా అని కూడా ఆలోచించాలి.

లోతు తక్కువైన సముద్రంలో సన్నని సున్నపు బురద నెమ్మదిగా అడుక్కి దిగి, పొరమీద పొరగా పేరుకుని గట్టిపడగా ఏర్పడినదే మన నాపరాయి. దాని వయసు యాభై కోట్ల ఏళ్లకు పైమాటేనని భూగర్భ శాస్త్రం చెబుతోంది. ఉధృతమైన నీరు వదిలివెళ్లే గుర్తులు వేరు. కొట్టుకొచ్చిన బండరాళ్లు, ఇసుక మేటలు, కోసుకుపోయిన లోయలు అటువంటివి.

అలాగని శాస్త్రజ్ఞులు మహా వరదలను కాదనరు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఎండిపోయిన లోయలను ఒక భారీ వరదే తొలిచిందని 1923లో హార్లెన్ బ్రెట్జ్ చెబితే తోటి శాస్త్రజ్ఞులు చాలాకాలం ఒప్పుకోలేదు. మంచుయుగం చివర్లో, మంచుగడ్డల అడ్డుకట్ట తెగి ఒక పెద్ద సరస్సు ఊడ్చుకుపోయిందని తరువాత తేలింది. 1979లో ఆయనకు పెన్‌రోజ్ పతకం ఇచ్చి గౌరవించారు.

2004 డిసెంబర్ 26 సునామీ తరువాత థాయ్‌లాండ్‌లోని ఫ్రా థోంగ్ దీవిలో తవ్వి చూశారు. కొత్త ఇసుక పొర కింద నల్లమట్టి, దాని కింద పాత ఇసుక పొరలు కనిపించాయి. సుమారు 600 ఏళ్ల కిందట కూడా అలాంటి అలే వచ్చి వెళ్లిందని 2008లో వెల్లడించారు. నేల దాచి ఉంచిన ఆ హెచ్చరికను అంతకుముందు ఎవరూ చదవలేదు. 2004లో రెండు లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి. మన కోస్తా కూడా కన్నీరు పెట్టింది.

జలప్రళయం ఎంత మేర వ్యాపించిందన్న దానిపై విశ్వాసుల్లో వేర్వేరు అభిప్రాయాలున్నాయి. అయితే ఆదికాండము మన ముందుంచే సంగతులు స్పష్టమే. మనుషుల బలాత్కారం దేవుణ్ణి నొప్పించింది. ఆయన ముందుగా హెచ్చరించాడు. నమ్మిన ఒక్కడు ఓడ కట్టాడు. ఆ సత్యానికి క్వారీ రాయి ఆధారం కానక్కర్లేదు. మన విశ్వాసాన్ని ఆ రాయికి కట్టేస్తే, రేపు కాలేజీలో భూగర్భ శాస్త్రం చదువుకున్న మన బిడ్డ రాయితోపాటు విశ్వాసాన్నీ వదిలేస్తాడు. రాయిని చేసినవాడు, వాక్యాన్నిచ్చినవాడు ఒక్కడే. ఆయన పక్షాన నిలబడటానికి తొమ్మిదో ఆజ్ఞను మీరడం అవసరమా?

నోవహు విశ్వాసం పనిలో కనిపించిందని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం నేర్పుతుంది. వాన పడకముందే అతడు పని మొదలుపెట్టాడు. 2007 నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సునామీ హెచ్చరికలు పంపుతోంది. 2009 అక్టోబర్‌లో కర్నూలు మునిగింది. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కృష్ణ ఒడ్డున ఉన్న మన సంఘాలు ఈ హెచ్చరికలు వింటున్నాయా? వరద వస్తే ముసలివారిని, పసిబిడ్డలను ఎవరు తీసుకురావాలో ముందే అనుకున్నామా? మతం అడగకుండా ఊరివారందరికీ మందిరం తలుపులు తెరుస్తామా? జలప్రళయాన్ని నమ్ముతున్నామని చెప్పే మనం ముందుగా జవాబివ్వవలసిన ప్రశ్నలివి.