అపరాధ పరిశోధక కథలు: గ్రహింపవలసినది, విడువవలసినది

అపరాధ పరిశోధక నవలలు పిల్లలను చెరచునని మందలించు పెద్దలు నేడును కలరు. అట్లు మందలించువారిలో పెక్కురు తమ చిన్ననాట పాఠ్యపుస్తకము చాటున కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ కథలను చదివినవారే. మేము ఆ కథలను మానుమని కోరుట లేదు. వానియందు రెండు నీతులు పక్కపక్కన నడచుచున్నవి. అందొకటి గ్రహింపదగినది, రెండవది విడువదగినది. ఈ భేదమును విద్యార్థులకును వారి తలిదండ్రులకును విన్నవించుటయే మా ఉద్దేశము.

మొదటిది పరిశోధన. 1887లో వెలువడిన షెర్లాక్ హోమ్స్ మొదటి నవలలో ఆ పరిశోధకుడు మనకు ప్రథమముగా కనబడునది ప్రయోగశాలలో. మరక రక్తమా కాదా యని తేల్చు పరీక్షను కనుగొంటినని ఆతడు సంబరపడుచుండును. అనుమానము కలిగినంతనే ఒకని మెడ పట్టుట ఆతని పద్ధతి కాదు. చూచును, పరీక్షించును, పిమ్మట పలుకును.

రెండవది ప్రతీకారము. 1934లో వెలువడిన అగాథా క్రిస్టీ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ నవలలో, ఒక పసిబిడ్డను అపహరించి చంపిన దుర్మార్గుని 12 మంది కలసి రైలులో పొడిచి చంపుదురు. సత్యము నెరిగియు పరిశోధకుడు వారిని విడిచిపెట్టును. 2005లో తెలుగున వచ్చిన ‘అపరిచితుడు’ చిత్రమునందును కథానాయకుడు తానే తీర్పరియై, తానే తలారియై తిరుగును. మనము చప్పట్లు కొట్టుదుము. ఏల? చచ్చినవాడు దోషియని రచయిత మనకు ముందే చూపియుండును. కథలో రచయిత సర్వజ్ఞుడు. లోకములోని గుంపునకు అట్టి సర్వజ్ఞుడు తోడుండడు.

దీనికి నిదర్శనము మనకు దూరమున లేదు. రాయచూరును బీదరును 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనివి; నేడును రెండును కల్యాణ కర్ణాటకములోనివే. ఆ బీదరు జిల్లాలోని ముర్కి గ్రామమున 2018 జూలై 13న ఘోరము జరిగినది. హైదరాబాదునుండి వచ్చిన మిత్రబృందములో ఒకరు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు పంచిరి. పిల్లలను ఎత్తుకొనిపోవువారు వచ్చిరని వాట్సాప్‌లో వార్త వ్యాపించినది. గుంపు కూడి వారిని పట్టి కొట్టినది. ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రాణము కోల్పోయెను, తక్కినవారు గాయపడిరి. వారు ఏ బిడ్డను అపహరింపలేదు. క్రిస్టీ కథలోని 12 మందివలెనే ఆ గుంపును పిల్లలకొరకు న్యాయము చేయుచున్నామనియే తలచియుండును. భేదమొక్కటే: వీరు పట్టుకొన్నది నిర్దోషులను.

పరీక్షయొక్క విలువ ఇచటనే తెలియును. ఇంగ్లండులోని లెస్టర్ ప్రాంతమున 1983లో ఒక బాలికయు, 1986లో మరియొక బాలికయు హత్య గావింపబడిరి. 17 ఏండ్ల కుర్రవాడొకడు రెండవ హత్య తానే చేసితినని పోలీసులయెదుట ఒప్పుకొనెను. అలెక్ జెఫ్రీస్ 1984లో కనుగొనిన డి.ఎన్.ఏ. పరీక్ష జరుపగా, రెండు హత్యలును ఒక్కడే చేసెననియు, ఆ ఒక్కడు ఈ కుర్రవాడు కాడనియు తేలినది. అసలు దోషికి 1988లో శిక్ష పడినది. ఆ విద్య ఆ కేసులో చేసిన మొదటి మేలు ఒక నిర్దోషిని విడిపించుట! తాను ఒప్పుకొన్నవాడే దోషి కానప్పుడు, పదిమంది వేలెత్తి చూపినవాడు దోషియని ఎట్లు నమ్ముదుము? ఈ విద్యను మన దేశమున నెలకొల్పుటలో ముఖ్యులు హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులైన లాల్జీ సింగ్ గారు.

న్యాయస్థానములలో ఏండ్లు గడచుచున్నవి, బాధితుల కన్నీరు తుడుచువారెవరని పెద్దలు అడుగవచ్చును. ఆ బాధ నిజము, మేము కాదనము. కాని తొందరపాటు దానికి మందు కాదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ చెంత, ఒక ఘోర హత్యకేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో చనిపోయినప్పుడు జనులు పూలు చల్లిరి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తన నివేదికయందు, ఆ కాల్పులు చంపవలెనను తలంపుతోనే జరిగినవనియు, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లనియు చెప్పినది. విచారణ జరుగక మునుపే నిందితులు పోయినందున, ఆ హత్యలో ఎవరి దోషమెంతయో ఇక ఏ న్యాయస్థానమును తేల్చజాలదు. ఆలస్యమునకు మందు ప్రయోగశాలలను, న్యాయమూర్తులను పెంచుటయే. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 7 ఏండ్లు లేక అంతకు మించిన శిక్ష గల నేరములలో శాస్త్రనిపుణులు సంఘటనాస్థలమునకు పోవలెనని చెప్పుచున్నది. ఏర్పాట్లకు రాష్ట్రములకు 5 ఏండ్ల గడువిచ్చినది. ఆ ఏర్పాట్లను అడిగి సాధించుకొనుట పౌరుల పని.

మనకు ఇందులో ప్రత్యేకమైన చింత యొకటి కలదు. అదే దినమున అమలైన భారతీయ న్యాయ సంహిత, ఐదుగురు లేక అంతకు మించినవారు కూడి కులము, పుట్టిన చోటు, భాష మున్నగు కారణములచే ఒకని హత్య చేసినచో, వారిలో ప్రతి ఒక్కరికిని మరణశిక్ష గాని యావజ్జీవ కారాగారము గాని విధించుచున్నది. ఆ వరుసలో ‘భాష’ యను మాట ఊరక చేరలేదు. వదంతి పుట్టిన ఊరిలో వేరు భాష మాటాడువానిపై అనుమానము త్వరగా పడును. కన్నడసీమలో తెలుగు మాటాడు మనము ఏదో ఒక ఊర దారి అడుగవలసిన అపరిచితులమే. మన వాడకు పనికై వచ్చిన పరభాషా కూలియు అట్టివాడే. మనకు కావలెనని కోరు రక్షణను ఆతనికి మనమీయవలెను.

కావున విద్యార్థులారా, పరిశోధక కథలు చదువుడు. కాని యుగంధర్ ప్రశ్నలను నేర్వుడు. ఫోనులో భయంకరమైన వార్త వచ్చినప్పుడు, చూచినవారెవరు, ఎచట, ఎన్నడు అని అడుగుడు. జవాబు లేనిచో ఆ వార్తను మరియొకరికి పంపకుడు. నిజముగా అపాయమున్నదని తోచినచో 112కు ఫోను చేయుడు. తలిదండ్రులు గుంపులోనికి పరుగెత్తుటకు మునుపు ఇంటిలోని పిల్లవాడు ఈ ప్రశ్నలు వేసినచో, ఆ ప్రశ్నను కోపింపక వినవలెనని మా మనవి. ఒక ప్రాణము ఆ ప్రశ్నయందే నిలువవచ్చును.