టెక్సాస్ చెల్లింపులు, మన పత్తి

న్యూయార్క్‌లో ధర పడితే అమెరికా రైతు సరుకు ఆపుతాడని మన బజారులో కొందరి ధీమా. సాగు కొంత తగ్గితే తగ్గవచ్చు. పండిన పత్తి మాత్రం ఆగదు. టెక్సాస్‌లోని గెయిన్స్ కౌంటీ రైతుకు బజారు ఒక్కటే దిక్కు కాదు. గింజ తీయని పత్తికి 2018లో పౌనుకు 36.7 సెంట్ల ఆధార ధర పెట్టారు. 2025 జూలై చట్టం దానిని 42 సెంట్లు చేసింది. సీజను సగటు ధర అంతకు తగ్గితే, రికార్డులోని పాత విస్తీర్ణంలో 85 శాతానికి లెక్కగట్టి తేడా చెల్లిస్తారు. తాను ఎంతకు అమ్ముకున్నదీ అడిగేవారు లేరు.

మన మద్దతు ధర పత్తి కార్పొరేషన్ కొంటేనే దక్కుతుంది. తేమ 12 శాతం దాటితే అదీ లేదు. ఇంత తేడా ఉండగా, ఢిల్లీ 2025 ఆగస్టులో 11 శాతం దిగుమతి సుంకం ఎత్తివేసి డిసెంబరు ఆఖరుదాకా పొడిగించడం అన్యాయం. ఆదిలాబాద్, వరంగల్ యార్డులకు కొత్త పత్తి వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే.